టీబీ మందు మొదలయ్యాక పెరిగిన బీసీఆర్-ఏబీఎల్: ఇమాటినిబ్ వాడుతున్న ఒక సీఎంఎల్ పేషెంట్ కేస్ స్టడీ

హనుమకొండలో రక్త జబ్బుల ఓపీ చూస్తాను. ఈ కేసులో అరుదైన జబ్బేమీ లేదు. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, అంటే సీఎంఎల్, మా దగ్గరికి తరచూ వచ్చే రక్త క్యాన్సరే. ఇక టీబీ గురించి చెప్పనక్కర్లేదు. రెండింటికీ బాగా పనిచేసే మందులున్నాయి. ఆ మందులు రెండూ ఒకే మనిషి ఒంట్లో కలిస్తే ఏమైంది, ఎలా బయటపడింది, ఏం చేశాం అన్నది వివరంగా రాస్తే జిల్లాల్లో ప్రాక్టీసు చేసేవాళ్లకూ, ఈ మందు వాడుతున్న పేషెంట్లకూ పనికొస్తుందనిపించింది. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

మొదటి పరీక్షలు

ఆమెకు అప్పుడు 38 ఏళ్లు. హుజూరాబాద్ వైపు పల్లె. సొంతానికి కొద్దిగా పత్తి చేను, సీజన్లో కూలికి కూడా పోతుంది. కడుపు ఎడమ పక్క బరువుగా ఉండటం, నాలుగు ముద్దలు తినగానే నిండిపోవడం, బరువు తగ్గడం కొన్ని నెలలుగా ఉన్నాయి. ఊళ్లో ఆర్ఎంపీ గ్యాస్ అని గోలీలు ఇచ్చాడు. తగ్గకపోతే స్కానింగ్ తీయించారు. "కడుపుల బల్ల పెరిగింది" అని చెప్పి, రక్త పరీక్ష రాశారు. తెల్ల కణాలు 1,86,000 వచ్చాయి. ల్యాబ్ వాళ్లు నమ్మలేక మళ్లీ రక్తం తీసి చూశారు, అదే లెక్క.

మా దగ్గరికి వచ్చేసరికి హిమోగ్లోబిన్ 9.1, ప్లేట్‌లెట్లు 5,40,000. స్మియర్‌లో మైలోసైట్లు, మెటామైలోసైట్లు అనే పూర్తిగా ఎదగని తెల్ల కణాలు నిండుగా ఉన్నాయి. బేసోఫిల్స్ అనే ఒక రకం తెల్ల కణాలు 6 శాతం, బ్లాస్ట్‌లు అనే మరీ లేత కణాలు 3 శాతం. బల్ల ఎడమ పక్కటెముకల అంచు కింద 11 సెంటీమీటర్ల దాకా చేతికి తగులుతోంది. జన్యువులను వెతికే పీసీఆర్ పరీక్షలో బీసీఆర్-ఏబీఎల్, అంటే సీఎంఎల్‌కు కారణమైన అతుకు జన్యువు, పాజిటివ్. బోన్ మ్యారో కూడా చూశాక క్రానిక్ ఫేజ్, అంటే జబ్బు ఇంకా ముదరని దశ, అని తేల్చాం. జబ్బు రిస్కును లెక్కగట్టే సోకల్ స్కోరు 1.15, అంటే మధ్యస్థ రిస్కు. పాశ్చాత్య దేశాల్లో ఈ జబ్బు ఎక్కువగా పెద్ద వయసులో కనపడుతుంది. మన దేశంలో అంతకన్నా పదేళ్లకు పైగా ముందే, పిల్లలను చదివించుకుంటూ పొలం పనులు చేసుకునే వయసులోనే వస్తోంది. ఈమె సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది.

హైడ్రాక్సీయూరియా, అల్లోప్యూరినాల్ కొద్ది రోజులు ఇచ్చి, రిపోర్టు రాగానే సీఎంఎల్ మందు ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాములు మొదలుపెట్టాం. రోజుకు ఒకసారి, అన్నం తిన్న తర్వాత, పెద్ద గ్లాసు నీళ్లతో. ఈ గోళీ కడుపులో మంట పెడుతుంది కాబట్టి ఖాళీ కడుపున వేసుకోవద్దు. అలాగే, ఇది గర్భంలో బిడ్డకు మంచిది కాదు. ఆమెకు పిల్లల ఆపరేషన్ అంతకు ముందే అయిపోయింది కాబట్టి ఆ టెన్షన్ లేకపోయింది.

ఆ రోజు గది బయట భర్త ఒక మాట అడిగాడు. "సార్, మా ఇంట్ల క్యాన్సర్ అని చెప్పకుండ్రి. రక్తం తక్కువుందని చెప్తం." ఇలా అడగడం మాకు కొత్త కాదు. ఇంట్లో పెళ్లికి ఎదిగిన ఆడపిల్ల ఉంటే ఇంకా గట్టిగా అడుగుతారు. సీఎంఎల్ వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదని చెప్పాను. విన్నాడు గానీ తన మాట మీదే ఉన్నాడు. ఈ కేసు నడిచిన తీరుకు ఆ మాటకూ సంబంధం ఉంది.

ఈ మందు ఎలా తయారైంది

ఇక్కడ మందు రసాయనం గురించి కొంచెం చెప్పాలి. ఈ పేషెంటుకు వచ్చిన ఇబ్బంది ఆ అణువు నిర్మాణంలోనే ఉంది.

1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ సీఎంఎల్ కణాల్లో ఒక పొట్టి క్రోమోజోమ్‌ను చూశారు. 9వ క్రోమోజోమ్, 22వ క్రోమోజోమ్ ముక్కలు మార్చుకోవడం వల్ల అది పుడుతోందని 1973లో షికాగోలో జానెట్ రౌలీ తేల్చారు. ఆ మార్పిడి వల్ల బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు అతుక్కుని, ఆగకుండా పనిచేసే టైరోసిన్ కైనేజ్ అనే ఒక ఎంజైమ్ తయారవుతుంది. తెల్ల కణాలను పెరగమని అదే తరుముతూ ఉంటుంది. ఒకే ఎంజైమ్ వల్ల ఇంత పెద్ద జబ్బు వస్తుంటే ఆ ఎంజైమ్‌నే ఆపితే సరిపోదా అన్న ఆలోచన 1980ల చివరికి బలపడింది.

స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో సీబా-గైగీ కంపెనీలో నికోలస్ లిడన్, యూర్గ్ జిమ్మర్‌మన్ వాళ్లు 2-ఫినైల్అమైనోపిరిమిడిన్ అనే తరగతి రసాయనాల మీద పనిచేస్తున్నారు. మొదట అది ప్రొటీన్ కైనేజ్ సీ అనే వేరే ఎంజైమ్‌ను ఆపడానికి చేసిన పదార్థం. దానికి ఒక అమైడ్ భాగం చేరిస్తే టైరోసిన్ కైనేజ్‌ల మీద పట్టు వచ్చింది. ఒక చిన్న మిథైల్ గుంపు సరైన చోట పెడితే ప్రొటీన్ కైనేజ్ సీ మీద ప్రభావం పోయి, ఏబీఎల్ మీద మాత్రం నిలిచింది. అప్పటికీ అది నీళ్లలో సరిగా కరగదు, నోటితో ఇస్తే రక్తంలోకి చాలినంత చేరదు. అప్పుడు చివర ఒక ఎన్-మిథైల్ పైపెరజీన్ వలయం తగిలించారు. కరిగే గుణం వచ్చింది, గోళీగా ఇచ్చే మందు అయింది. అదే ఇమాటినిబ్. నోటితో ఇస్తే దాదాపు 98 శాతం రక్తంలోకి వెళ్తుంది.

అమెరికాలో పోర్ట్‌లాండ్‌లోని బ్రయాన్ డ్రుకర్ దీన్ని సీఎంఎల్ కణాల మీద పరీక్షించి, కంపెనీని ఒప్పించి 1998లో మనుషుల్లో ట్రయల్ మొదలుపెట్టించారు. 2001 మేలో అక్కడ ఆమోదం వచ్చింది. అంతకు ముందు బుసల్ఫాన్, హైడ్రాక్సీయూరియా, ఇంటర్‌ఫెరాన్, దాత దొరికితే మ్యారో మార్పిడి. చాలామందికి కొన్నేళ్లలో జబ్బు ముదిరి అక్యూట్ లుకేమియాగా మారిపోయేది. 1,106 మందితో చేసిన ఐరిస్ ట్రయల్‌లో ఇమాటినిబ్‌తో చికిత్స మొదలుపెట్టినవాళ్లు పదేళ్ల తర్వాత కూడా 83 శాతం బతికి ఉన్నారు.

తర్వాత అదే దారిలో డసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్, పోనాటినిబ్, ఈమధ్య అసిమినిబ్ వచ్చాయి. అన్నీ టైరోసిన్ కైనేజ్ ఇన్హిబిటర్లే, అంటే ఆ ఎంజైమ్‌ను ఆపేవే. నిర్మాణాలు వేరు, పట్టుకునే చోట్లలోనూ తేడా ఉంది. ఒక్క విషయంలో మాత్రం ఇంచుమించు అన్నీ ఒకటే. లివర్‌లో సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ వీటిని అరగదీస్తుంది. ఇమాటినిబ్‌ను గోళీగా మార్చిన ఆ పైపెరజీన్ వలయం మీది మిథైల్‌నే ఈ ఎంజైమ్ ముందుగా తెంపుతుంది.

మూడేళ్లు సాఫీగా

ఆమె చికిత్స పుస్తకంలో రాసినట్టే నడిచింది. మూడు నెలలకు బీసీఆర్-ఏబీఎల్ అంతర్జాతీయ స్కేలు మీద 6.2 శాతం. ఉండాల్సింది 10 లోపు. ఆరు నెలలకు 0.7, ఉండాల్సింది 1 లోపు. ఏడాదికి 0.08. ఇది 0.1 కంటే తగ్గితే మేజర్ మాలిక్యులర్ రెస్పాన్స్ అంటాం, ఇక జబ్బు ముదిరే భయం బాగా తగ్గినట్టే. తర్వాత 0.03 దగ్గర నిలబడింది. బల్ల చేతికి తగలడం మానేసింది.

సైడ్ ఎఫెక్టులు మామూలువే. పొద్దున్నే కళ్ల కింద వాపు, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం. ఒంటి రంగు కొంచెం తేలిక పడింది. ఇమాటినిబ్ ఏబీఎల్‌తో పాటు కిట్ అనే ఇంకో కైనేజ్‌ను కూడా ఆపుతుంది, చర్మంలో రంగు కణాలకు అది అవసరం. మన ఒంటి రంగులో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. ఊళ్లో "తెల్లగైనవ్, ఏం రాస్తున్నవ్" అని అడుగుతున్నారని ఆమె నవ్వుతూ చెప్పింది. కొంతమంది ఆడవాళ్లు దీనికి సంతోషిస్తారు. మచ్చలు మచ్చలుగా వస్తే మాత్రం బెంగ పెట్టుకుంటారు.

జరం, దమ్ము, పక్కలో నీళ్లు

నాలుగో ఏడు పత్తి ఏరుడు మొదలైనప్పుడు ఆమెకు పొద్దుమూకితే జరం రావడం, పొడి దగ్గు, కుడి పక్క ఊపిరి తీస్తే నొప్పి మొదలయ్యాయి. దగ్గర్లోని టౌనులో చూపించుకున్నారు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు. తీసి పరీక్షిస్తే ప్రొటీన్ ఎక్కువ, లింఫోసైట్లు ఎక్కువ, టీబీలో పెరిగే ఏడీఏ అనే ఎంజైమ్ 72. మన ప్రాంతంలో ఇలాంటి రిపోర్టుకు, ఈ లక్షణాలకు టీబీ అనుకోవడం సబబే. టీబీ కార్యక్రమం కింద పేరు నమోదు చేసి నాలుగు మందులు కలిసిన గోళీలు మొదలుపెట్టారు. బరువు 46 కిలోలు కాబట్టి రోజుకు మూడు గోళీలు, అంటే వాటిలో ముఖ్యమైన రిఫాంపిసిన్ 450 మిల్లీగ్రాములు.

అక్కడ ఆమెను షుగర్ ఉందా, బీపీ ఉందా అని అడిగారు, హెచ్ఐవీ పరీక్ష చేశారు. ఇంకేమన్నా మందులు వాడుతున్నావా అంటే లేదంది. ఆ రోజు వెంట వచ్చింది ఆడబిడ్డ. ఆడబిడ్డకు సీఎంఎల్ సంగతి తెలియదు. ఆమె ఎదురుగా క్యాన్సర్ గోళీ పేరు ఎలా చెప్తుంది?

టీబీ మందుతో జరం తగ్గింది, ఆకలి పుట్టింది. ఇమాటినిబ్ కూడా యథాప్రకారం వేసుకుంటూనే ఉంది. పత్తి పనుల వల్ల మా దగ్గర పీసీఆర్‌కు రావాల్సిన గడువు దాటిపోయింది. మూడున్నర నెలల తర్వాత వచ్చింది. అప్పటికి నాలుగు మందుల దశ అయిపోయి, మూడు మందుల గోళీలు నడుస్తున్నాయి.

తెల్ల కణాలు 14,200, బేసోఫిల్స్ 3 శాతం. బీసీఆర్-ఏబీఎల్ 1.9 శాతం. 0.03 నుంచి 1.9, అంటే అరవై రెట్లకు పైగా. ఇది ల్యాబ్ తేడా కాదు.

ఎందుకు పెరిగింది?

ఇలా పెరిగినప్పుడు ఎవరికైనా మొదట తట్టేది మ్యుటేషన్. ఏబీఎల్ జన్యువులో చిన్న మార్పు వచ్చి మందు అతుక్కోలేకపోవడం. టీ315ఐ అనే మ్యుటేషన్ ఉంటే ఇమాటినిబ్, డసాటినిబ్, నిలోటినిబ్ ఏవీ పనిచేయవు. ఆ భయంతోనే చాలా చోట్ల వెంటనే మందు మార్చేస్తారు. నా లెక్క ప్రకారం మ్యుటేషన్ పరీక్షకు రక్తం పంపాలి. కానీ రిపోర్టు వచ్చేదాకా మిగతావి వరుసగా తరచి చూడాలి. ఎక్కువసార్లు కారణం అక్కడే దొరుకుతుంది.

మొదట అడగాల్సింది గోళీ వేసుకుంటున్నారా లేదా. రోజుల్లో పదో వంతు తప్పినా లోతైన రెస్పాన్స్ రావడం కష్టమవుతుందని లండన్‌లో హామర్‌స్మిత్ ఆసుపత్రి వాళ్లు 2010లో చూపించారు. కాబట్టి ఆ ప్రశ్న అడగడంలో మొహమాటం ఉండకూడదు. ఆమె కొంచెం నొచ్చుకుంది. "గోలి ఒక్క రోజు సుత తప్పలే సార్. పండుగ నాడు సుత ఏసుకున్న." ఖాళీ స్ట్రిప్‌లు దాచిపెట్టింది. వాటి లెక్కా, మెడికల్ షాపు బిల్లుల తేదీలూ సరిపోయాయి.

రెండోది కంపెనీ మారిందా అన్నది. పేషెంట్లే దీన్ని ముందు అడుగుతారు: "సార్, సస్త గోలీలు పనిచేస్తయా?" ఈ అనుమానానికి చరిత్ర ఉంది. ఇమాటినిబ్ అసలు బ్రాండు గ్లివెక్ నెలకు లక్షా ఇరవై వేల రూపాయల దాకా పలికిన రోజుల్లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో 2003లో వీనాట్ పేరుతో జెనరిక్ తెచ్చింది. గ్లివెక్‌లో వాడే బీటా స్ఫటిక రూపానికి పేటెంట్ కావాలని గ్లివెక్ కంపెనీ నోవార్టిస్ వేసిన అప్పీలును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న పేటెంట్ చట్టం 3(డీ) సెక్షన్ కింద, అంటే పనితనం పెరగని పాత మందు కొత్త రూపానికి పేటెంట్ లేదన్న నిబంధన కింద, కొట్టేసింది. మా ఓపీలో చాలామంది జెనరిక్‌తోనే ఏళ్ల తరబడి బాగున్నారు. ఈమె మొదటి నుంచీ వాడుతున్నది ఒకే కంపెనీ గోళీ.

మూడోది వేరే మందులు. నాటు మందులు, ఆకు పసర్లు, మోకాళ్ల నొప్పి గోళీలు, ఏదైనా. నేను అడిగే పద్ధతి ఒకటుంది: పేర్లు చెప్పమనను, ఇంట్లో ఉన్నవన్నీ కవర్లో వేసుకొని రమ్మంటాను. అప్పుడు ఆమె వెంట భర్త ఒక్కడే ఉన్నాడు. కవర్లోంచి ఇమాటినిబ్ స్ట్రిప్‌తో పాటు టీబీ మందుల స్ట్రిప్ బయటికి వచ్చింది. దాని మీద రిఫాంపిసిన్ అని ఉంది.

రిఫాంపిసిన్ చేసే పని

రిఫాంపిసిన్ లివర్ కణాల్లో పీఎక్స్ఆర్ అనే రిసెప్టర్‌ను తట్టి లేపుతుంది. దాంతో సీవైపీ3ఏ4 ఎంజైమ్ తయారీ పెరుగుతుంది. చేను ఏరడానికి నలుగురు చాలిన చోట పదిహేను మంది కూలీలను దింపినట్టు, ఆ ఎంజైమ్‌తో అరిగే ప్రతి మందూ రక్తంలోంచి తొందరగా ఖాళీ అవుతుంది. ఈ పెరుగుదల పూర్తిగా రావడానికి ఒకటి రెండు వారాలు, రిఫాంపిసిన్ ఆపేశాక తగ్గడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది.

ఇమాటినిబ్ విషయంలో ఇది ఊహ కాదు, కొలిచి చూశారు. ఆరోగ్యంగా ఉన్న వాలంటీర్లకు రోజూ 600 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్ ఇచ్చి, మధ్యలో ఇమాటినిబ్ ఒక డోసు ఇస్తే, మందు ఒంట్లోంచి పోయే వేగం 3.8 రెట్లు పెరిగింది. మొత్తం మందు మోతాదు, అంటే ఏయూసీ, 74 శాతం తగ్గింది. 400 మింగిన మనిషికి వంద పని చేసినట్టు లెక్క. మిథైల్ తెగిపోగా మిగిలే పదార్థానికి కూడా ఏబీఎల్ మీద పట్టుంటుంది, కానీ ఆ లోటును అది పూడ్చలేదు.

ఇమాటినిబ్ ట్రఫ్ లెవెల్, అంటే తర్వాతి గోళీకి ముందు రక్తంలో ఉండే మోతాదు, మిల్లీలీటరుకు 1000 నానోగ్రాముల పైన ఉన్నవాళ్లలో రెస్పాన్స్ బాగుంటుందని ఫ్రాన్స్‌లోనూ, ఐరిస్ ట్రయల్ నమూనాల్లోనూ తేలింది. ఈ పరీక్ష మన దగ్గర జరగదు, బయటికి పంపాలి. మందులు మార్చకముందే రక్తం తీసి పంపించాం. 290 వచ్చింది. మ్యుటేషన్ రిపోర్టులో ఏమీ లేదు. జన్యువు అక్షరాలను చదివే మామూలు సాంగర్ పద్ధతి 15, 20 శాతం కన్నా తక్కువ ఉన్న మార్పులను పట్టుకోలేదు. అందుకే లెవెల్ రిపోర్టు లేకుండా ఆ ఒక్క కాగితాన్నే నమ్మి ఉండేవాడిని కాదు.

ఒక పక్క మాట. ఇదే ఇమాటినిబ్‌ను టీబీకి మందుగా వాడొచ్చా అని కూడా పరిశోధన జరిగింది. టీబీ క్రిమి మన కణాల్లోకి దూరడానికి, అక్కడ బతకడానికి ఏబీఎల్ కైనేజ్ సాయం తీసుకుంటుందని, ఇమాటినిబ్ ఇచ్చిన ఎలుకల్లో క్రిములు తగ్గాయని 2011లో ఒక పరిశోధన వచ్చింది. మా పేషెంట్ చికిత్సకు దీనితో పనిలేదు. అయినా, ఒక మందు ఇంకో మందును హరిస్తున్న కేసు చూస్తున్నప్పుడు గుర్తొచ్చింది.

ఏం చేయాలి?

డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ వెంటనే అడిగిన ప్రశ్న, "సార్, డసాటినిబ్‌కు మారుద్దామా?" సహజమైన ప్రశ్నే. కానీ రిఫాంపిసిన్ డసాటినిబ్‌ను 82 శాతం, నిలోటినిబ్‌ను 80 శాతం, బోసుటినిబ్‌ను 94 శాతం తగ్గిస్తుంది. అంటే ఇమాటినిబ్ కన్నా ఘోరం. పైగా డసాటినిబ్ సొంతంగానే ఊపిరితిత్తుల చుట్టూ నీరు తెస్తుంది. టీబీ నీరు ఇంకా పూర్తిగా ఇంకని మనిషికి అది మొదలుపెడితే, రేపు ఎక్స్‌రేలో కనిపించే నీరు దేనిదో తేల్చడం కష్టం.

రిఫాంపిసిన్ తీసేసి మిగతా మందులతో నడపడం ఇంకో దారి. ఆరు నెలల టీబీ చికిత్సకు మూలం ఆ మందే. అది లేకపోతే చికిత్స ఏడాది దాటుతుంది, మళ్లీ తిరగబెట్టే ప్రమాదమూ పెరుగుతుంది. జబ్బు బాగా లొంగుతున్న ఆమెకు అది అన్యాయం.

ఇమాటినిబ్ డోసు పెంచడం మూడో దారి. బలమైన ఇలాంటి మందులు తప్పనిసరైతే కనీసం సగం పెంచమని ఇమాటినిబ్ లేబుల్ చెప్తుంది. కానీ రక్తంలో 74 శాతం తగ్గినదాన్ని సగం పెంచి పూడ్చలేం. నాలుగింతలు ఇస్తే కాగితం మీద లెక్క సరిపోతుంది, పేషెంట్ కడుపు ఒప్పుకోదు.

మేం ఎంచుకున్నది రిఫాబుటిన్. రిఫాంపిసిన్ కుటుంబంలోదే, టీబీ మీద పనిచేస్తుంది, సీవైపీ3ఏ4ను మాత్రం అంతగా పెంచదు. ప్రొటియేజ్ ఇన్హిబిటర్లు అనే మందులు వాడే హెచ్ఐవీ పేషెంట్లకు టీబీ వస్తే ఇదే కారణంతో వాడతారు. జిల్లా టీబీ అధికారితో మాట్లాడాం. ఆయన విని, కార్డు మీద మార్పు రాయించడానికి సాయం చేశారు. కలిపిన గోళీలు మాని విడివిడిగా ఐసోనియజిడ్ 300, ఇథాంబుటాల్ 800, రిఫాబుటిన్ 300, పైరిడాక్సిన్ అనే బీ6 విటమిన్. ఇమాటినిబ్‌ను 600కు పెంచాం. మొదటి రెండు వారాలు పాత రిఫాంపిసిన్ ప్రభావం ఉంటుంది, ఆ తర్వాత కూడా రిఫాబుటిన్ ఎంతో కొంత తగ్గిస్తుంది. ఆ రెండింటికీ సరిపోవాలని ఆ పెంపు.

దీనికీ ఒక చిక్కు ఉంది. ఇమాటినిబ్ సీవైపీ3ఏ4ను కొంత అణచిపెడుతుంది. అంటే రిఫాబుటిన్ రక్తంలో పెరగొచ్చు. పెరిగితే కంట్లో యువియైటిస్, అంటే కంటి లోపలి వాపు, న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు తగ్గడం వస్తాయి. ఐసోనియజిడ్, ఇమాటినిబ్ రెండూ లివర్‌ను ఇబ్బంది పెట్టగలవు. అందుకే రెండు వారాలకోసారి రక్త కణాలు లెక్కించే సీబీసీ, లివర్ పరీక్షలు. కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా అదే రోజు ఫోన్ చేయమన్నాం.

రిఫాబుటిన్ దొరకబట్టడం పెద్ద పని అయింది. వరంగల్ హోల్‌సేల్ షాపుల్లో అడిగితే చాలామంది రిఫాంపిసినే తీసి ఇవ్వబోయారు. పేరు దగ్గరగా ఉండటం వల్ల ఇది ఊహించాల్సిందే. అందుకే చీటీ మీద రెండు పేర్లూ రాసి, ఒకదాన్ని కొట్టేసి, "ఇది వద్దు" అని తెలుగులో రాసిచ్చాను. చివరికి హైదరాబాద్ నుంచి వచ్చింది.

తర్వాత

నాలుగో వారానికి తెల్ల కణాలు 7,000 లోపు వచ్చాయి, బేసోఫిల్స్ మామూలయ్యాయి. 600 డోసుతో కళ్ల వాపు పెరిగింది, పిక్కలు మరీ పట్టేశాయి. "నడుస్తుంటె కాలు గుంజుతది" అనేది. ఉప్పు తగ్గించమన్నాం, మెగ్నీషియం ఇచ్చాం. డోసు మాత్రం తగ్గించలేదు. న్యూట్రోఫిల్స్ ఒకసారి 1,300కు పడిపోయి తర్వాతి వారానికి కోలుకున్నాయి. లివర్ పరీక్షలో ఎస్జీపీటీ 58 దాటలేదు. ఒకరోజు కన్ను ఎర్రబడిందని ఫోన్ వచ్చింది. వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి పంపాం. స్లిట్ ల్యాంప్‌లో యువియైటిస్ లేదు, పత్తి చేను దుమ్ముకు వచ్చిన మామూలు కండ్ల కలక.

టీబీ చికిత్స ఆరు నెలలు నిండేసరికి ఎక్స్‌రేలో నీరు ఇంకిపోయి, కుడి మూలన కొంచెం మందం మిగిలింది. బీసీఆర్-ఏబీఎల్ 0.31. రిఫాబుటిన్ ఆపిన రెండు వారాల తర్వాత ఇమాటినిబ్‌ను మళ్లీ 400కు తెచ్చాం. ఇంకో మూడు నెలలకు 0.07, ఆ తర్వాతి పరీక్షలో 0.02. పోగొట్టుకున్న మేజర్ రెస్పాన్స్ మళ్లీ వచ్చింది, మందు తరగతి మార్చకుండానే. ఖరీదైన మందుకు మారి ఉంటే అది కూడా ఫెయిలయ్యేది. అప్పుడు ఆమెకు "రెండు మందులకు లొంగని సీఎంఎల్" అనే ముద్ర పడేది.

ఈ పీసీఆర్‌లను కార్ట్రిడ్జ్ మెషీన్ మీదే చేయించాం. కళ్లెలో టీబీ క్రిమిని, రిఫాంపిసిన్‌కు లొంగని టీబీని పట్టే జీన్‌ఎక్స్‌పర్ట్ మెషీన్‌లో బీసీఆర్-ఏబీఎల్ కార్ట్రిడ్జ్ కూడా పెట్టొచ్చు. సీఎంఎల్ పేషెంట్ పీసీఆర్ కోసం హైదరాబాద్ దాకా పోవాల్సిన అవసరం చాలా జిల్లాల్లో దీంతో తగ్గించవచ్చు. మెషీన్లు ఉన్నాయి, కార్ట్రిడ్జ్‌కు బడ్జెట్ ఎవరు పెట్టాలన్న దగ్గరే పని ఆగుతోంది.

ఇంట్లో చెప్పే విషయం మీద భార్యాభర్తలతో మళ్లీ కూర్చున్నాను. ఆడబిడ్డకు చెప్పాలా వద్దా అన్నది వాళ్లిష్టం, అందులో నేను తలదూర్చలేదు. డాక్టర్‌కు మాత్రం నోటితో చెప్పలేకపోయినా కాగితం చూపించవచ్చు కదా అన్నాను. ఇప్పుడు మా సీఎంఎల్ పేషెంట్లందరికీ జేబులో పట్టే కార్డు ఒకటి ఇస్తున్నాం. దాని మీద జబ్బు పేరు ఉండదు. "ఇమాటినిబ్ వాడుతున్నారు. రిఫాంపిసిన్, రిఫాపెంటిన్, ఫినిటాయిన్, కార్బమాజెపిన్ మొదలుపెట్టే ముందు ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని మాత్రం తెలుగులో, ఇంగ్లీషులో ఉంటుంది. ఫిట్స్ మందులను కూడా చేర్చింది ఊరికే కాదు, అవీ ఇదే ఎంజైమ్‌ను పెంచుతాయి.

ఆ కార్డు వల్ల ఈమధ్య ఒక ఫోన్ వచ్చింది. జమ్మికుంట వైపు నుంచి, ఇమాటినిబ్ మీద ఉన్న ఇంకో పేషెంట్, యువకుడు. ఇంట్లో తమ్ముడికి కళ్లెలో టీబీ తేలింది. ఇంట్లో వాళ్లందరికీ టీబీ రాకుండా ముందు జాగ్రత్తగా వారానికి ఒకసారి చొప్పున మూడు నెలలు వేసుకునే గోళీలు ఇస్తున్నారు. అందులో ఐసోనియజిడ్‌తో పాటు రిఫాపెంటిన్ ఉంటుంది, అదీ రిఫాంపిసిన్ కుటుంబమే. ఆశా కార్యకర్త కార్డు చూసి, గోళీలు ఇవ్వకముందే ఫోన్ చేసింది. ఎక్స్‌రే తీసి, టీబీ లేదని తేల్చుకుని, అతనికి ఒక్కడికి మాత్రం ఆరు నెలలు ఐసోనియజిడ్ రాశాం. ఇంట్లో మిగతావాళ్లకు వారం గోళీలే కొనసాగాయి.